నలభై రోజుల పథ్యం

మునిరత్నమ్మకు కోపం వస్తే ముందు చేతులకు తెలుస్తుంది. వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోతాయి. అలాంటి చేతులతో ఇంకొకరి ఒంటిని తాకకూడదని చిన్నప్పుడే వాళ్ళ నాయన చెప్పాడు. అందుకని ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు, మదనపల్లె ఆసుపత్రిలో మెట్ల పక్కనున్న తన గదిలో తలుపు మూసుకుని కూర్చుని, వేళ్ళను ఒక్కొక్కటే విప్పుకుంటోంది. విప్పినవి విప్పినట్టే మళ్ళీ ముడుచుకుంటున్నాయి.

జరిగిందేమిటంటే, బెంగళూరు నుంచి నలుగురు డాక్టర్లు వచ్చారు, ఈ ఆసుపత్రిలో బరువు తగ్గించే ఆపరేషన్లు ఎలా చేస్తున్నారో చూసిపోదామని. సర్జన్ హరినాథ్ వాళ్ళను వెంటబెట్టుకుని థియేటర్ చూపించాడు, వార్డు చూపించాడు, చివరికి ఈ గది ముందు ఆగాడు. మునిరత్నమ్మ లేచి నమస్కారం పెట్టింది. నాలుగేళ్ళలో తానేం చేసిందో నాలుగు ముక్కల్లో చెబుదామని, పుంగనూరులో బస్సెక్కినప్పటి నుంచీ మాటలు కూర్చుకుంటూ వచ్చింది.

“ఈమె మా మసాజ్ లేడీ,” అన్నాడు హరినాథ్ నవ్వుతూ. “పేషెంట్లకు కాస్త టైంపాస్.”

వాళ్ళూ నవ్వారు. నవ్వి ముందుకు వెళ్ళిపోయారు.

టైంపాస్! అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. ఎక్కదా మరి? పుంగనూరులో నాటు వైద్యం చేసిన గోపాలస్వామి కూతురు ఆమె. ఆయన కాచిన నూనె కోసం ముళబాగిలు నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. నాయన పోయాక ఆమె తిరుపతిలో ఏడాది ఉండి యోగా, ఆక్యుప్రెషర్ నేర్చుకుంది. ఆ సర్టిఫికెట్టు పట్టుకుని ఈ ఆసుపత్రి చుట్టూ తిరిగీ తిరిగీ, చెప్పులు అరిగాక, పనికిరాని మంచాలు పడేసుకునే ఈ గదిని సంపాదించుకుంది. సున్నం కూడా తానే వేయించుకుంది.

ఈ ఆపరేషన్‌లో కడుపు సంచిలో ముక్కాలు భాగం కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. ముందు రోజు మనుషులు భయంతో వణికిపోతుంటారు, బీపీ దిగి రాదు. మునిరత్నమ్మ పక్కన కూర్చుని ఊపిరి ఎలా తీయాలో, ఎలా వదలాలో చెబుతుంది. పది నిమిషాల్లో దిగని బీపీ దిగుతుంది. ఆపరేషన్‌ కోసం పొట్టలోకి గాలి పంపుతారు కదా, ఆ గాలి నొప్పి తర్వాత భుజాల్లోకి ఎక్కి చంపుతుంది. ఆ భుజాలు రుద్దేది ఎవరు? మునిరత్నమ్మ. వాంతి వచ్చేటట్టుంటే మణికట్టు లోపలి వైపు ఎక్కడ నొక్కాలో చూపించేది ఎవరు? ఆమే. ఆమె చూసినవాళ్ళు నొప్పి సూదులు తక్కువ అడుగుతున్నారని, సాయంత్రానికే లేచి నడుస్తున్నారని ఇదే హరినాథ్ ఒకసారి మీటింగులో చెప్పాడు. అప్పుడు టైంపాస్ కాలేదే!

ఆమెకు గది ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టారు. చేతులతో ఏమైనా చేయవచ్చు, నోట్లోకి పోయే దేని గురించీ మాట్లాడకూడదు. తిండి సంగతి, మందుల సంగతి పక్క గదిలో ఉండే సిస్టర్ ఫ్లారెన్స్ చూసుకుంటుంది. మునిరత్నమ్మ ఆ కాగితం మీద సంతకం పెట్టింది, నాలుగేళ్ళు ఆ మాట మీదే నిలబడింది. ఆ రోజు దాకా.

తలుపు తట్టి లోపలికి వచ్చింది వాణి. వెనకాల మొగుడు శివకుమార్. అయిదు రోజుల కిందట ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఇంటికి పంపిస్తున్నారు. కుప్పం మనుషులు. ఆమె స్టేషన్ రోడ్డులో బట్టలు కుడుతుంది, అతను గ్రానైటు పాలిష్ చేసే చోట పని చేస్తాడు. వాణికి ముప్పయ్యారేళ్ళు, చేరినప్పుడు నూట ముప్పై రెండు కిలోలు, షుగరు, మోకాళ్ళ నొప్పులు. బస్సెక్కితే పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళిపోతారని, కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళే తన ఒంటిని చూసి మూతి తిప్పుకుంటారని మొదటి రోజే చెప్పింది. స్ట్రెచర్ విరుగుతుందేమోనని వార్డుబాయ్ ఒకడు పళ్ళికిలిస్తే, వాడి ఏడు తరాలనూ కడిగేసింది మునిరత్నమ్మ. ఆ సాయంత్రం వీపుకు నూనె రాస్తుంటే వాణి వెక్కి వెక్కి ఏడ్చింది. “డాక్టర్లు గూడా రెండు వేళ్ళతో ముట్టుకుంటారమ్మా నన్ను. మీరు మనిషిని ముట్టుకున్నట్టు ముట్టుకుంటాండారు,” అంది.

ఇప్పుడు చేతిలో ఫ్లారెన్స్ ఇచ్చిన కాగితం పట్టుకుని నిలబడింది. మొదట పప్పుకట్టు, మజ్జిగ, పాలలో ప్రోటీన్ పొడి. రెండు వారాలయ్యాక మెత్తటి గుడ్డు, పెరుగు. పొద్దునొక బిళ్ళ, రాత్రొక బిళ్ళ, ఒక్క పూట కూడా మానకూడదు.

“అమ్మా, పొయ్యొస్తాం,” అంది వాణి. “ఆ నూనె కొంచెం ఇస్తారా? ఇంటికాడ ఈయప్ప రాస్తాడు.”

మునిరత్నమ్మ అలమర తెరిచి సీసా తీసింది. నూనె ఇస్తే తప్పేం లేదు. తప్పు తర్వాత నోట్లో నుంచి వచ్చింది. వాళ్ళ నాయన ఇంట్లో పథ్యం చెప్పకుండా నూనె గడప దాటదు. నలభై రోజులు గుడ్డు ముట్టకూడదు, పప్పు ముట్టకూడదు, పెరుగూ వంకాయా చేపా ముట్టకూడదు. గంజి, చారన్నం, అంతే. ఇంకో వైద్యం కలపకూడదు. విరిగిన ఎముకకైనా, పట్టేసిన నడుముకైనా అదే పథ్యం. నాయన ఎందుకని అడగలేదు, ఆమె కూడా అడగలేదు. ఆసుపత్రికి వచ్చాక ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేసేది. ఆ రోజు మింగలేదు. చెవిలో ఇంకా ఆ నవ్వు మోగుతోంది.

“ఆ కాగితం పక్కన పెట్టప్పా,” అంది శివకుమార్‌తో. “ఇది మా నాయన నూనె. దీనికి పథ్యం ఉండాది.”

మొత్తం చెప్పింది. శివకుమార్ ఒక్కొక్క మాటకూ తల ఊపాడు.

“మా అమ్మ గూడా అదే అనిందమ్మా. పప్పు తింటే కుట్లు సీము పడతాయని,” అన్నాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి ఈ ఆసుపత్రిలో ఒకరికైనా తెలిసినందుకు అతని మొహంలో తేలికదనం కనిపించింది. “మరి బిళ్ళలు?”

“నా నూనె ఒంట్లో పని సేసేటప్పుడు ఇంకో మందు పడగూడదు. నలభై దినాలు. ఆ తర్వాత వాళ్ళిష్టం.”

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ మాట అనగానే ఆమె వేళ్ళు విచ్చుకున్నాయి. పొద్దుటి నుంచి విచ్చుకోనివి. హాయిగా ఊపిరి పీల్చుకుని, వాణి తల నిమిరి పంపించింది.

రెండు వారాలకు శివకుమార్ ఫోన్ చేశాడు. “అమ్మా, ఏం తాగినా కక్కతాండాది.”

“కడుపు చిన్నదయింది గదప్పా, అలవాటు పడాల. మణికట్టు కాడ నొక్కు, సూపించినాను గదా,” అంది. ఏం తాగుతోందని అడగలేదు.

ఇంకో పది రోజులకు వాణే చేసింది. గొంతు నీరసంగా ఉంది. “అమ్మా, కాళ్ళు తిమ్మిరెక్కతాండాయి. మిషను తొక్కతాంటే పాదం యాడ పడతాండాదో తెలవడం లేదు. ఒళ్ళు ఏదో అడగతాండాది. ఒక గుడ్డు తినేదా?”

“ఓర్సుకోవాల వాణీ. ఇన్నాళ్ళూ ఓర్సుకోకనే గదా ఇంత తిప్పలు పడినావు?”

“సరేమ్మా” అంది వాణి. వార్డుబాయ్‌ని కడిగేసిన నోటితోనే ఆ మాట అన్నానని మునిరత్నమ్మకు అప్పుడు తట్టలేదు. ఫోన్ పెట్టేసి అన్నం తింది.

ముప్పై ఎనిమిదో రోజు పొద్దున ఏడుకు మళ్ళీ ఫోను. శివకుమార్ ఏడుస్తున్నాడు. వాణి లేచి నిలబడలేకపోతోంది, పక్కకు పడిపోతోంది, ఒక్కోటి రెండుగా కనబడుతున్నాయంటోంది, ఉన్నట్టుండి తన దుకాణం ఎక్కడుందో మరిచిపోయింది. కారు మాట్లాడుకుని బయల్దేరాడు, వి.కోట దాటాడు.

“పుంగనూరులో ఆపప్పా, నేనూ వస్తాండాను,” అంది మునిరత్నమ్మ.

బస్టాండు దగ్గర నిలబడి కారు కోసం ఎదురుచూస్తూ హరినాథ్‌ను మనసులో చీల్చి చెండాడింది. ఏం కోశాడో, ఏం కుట్టాడో! కుట్లు ఊడిపోయాయో ఏమో! బెంగళూరువాళ్ళ ముందు ఫోజులు కొట్టడానికున్న తీరిక, పేషెంటు ఎలా ఉందని ఒక్క ఫోను చేయడానికి లేదా? ఈ రోజు వార్డు మధ్యలో నిలబెట్టి అడుగుతాను, ఏది టైంపాస్, ఎవరిది టైంపాస్ అని. అలా అనుకునేకొద్దీ ఒంట్లోకి బలం వచ్చింది.

కారు ఆగింది. వెనక సీట్లో వాణి పడుకుని ఉంది. మనిషి సగమైంది. బరువు తగ్గినట్టు లేదు, ఎవరో పిండేసినట్టుంది. కళ్ళు ఒకచోట నిలవడం లేదు, పక్కకు పక్కకు కొట్టుకుంటున్నాయి. మునిరత్నమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఇద్దరుండారే మీరు,” అంది వాణి. “యాల ఇద్దరొచ్చినారు?”

“ఏం తింటాండాది ఈమె?” అని అడిగింది మునిరత్నమ్మ. ముప్పై ఎనిమిది రోజుల్లో మొదటిసారి అడిగింది.

ముందు సీట్లో నుంచి శివకుమార్ వెనక్కి తిరిగాడు. “మీరు సెప్పినట్టే అమ్మా. గంజి, సారు. గుడ్డు ఇంట్లోకే రానీలేదు. మధ్యలో ఒకతూరి ఏడిసింది, బిళ్ళలన్నా ఇమ్మని. నేను బీరువాలో పెట్టి తాళం ఏసేసినా. ఇంక రెండు దినాలే గదమ్మా, పథ్యం సెడకూడదని.” నిద్రలేని ఆ కళ్ళలో కూడా, అప్పగించిన పని తప్పకుండా చేశానన్న నమ్మకం ఉంది.

ఆసుపత్రిలో మునిరత్నమ్మ గదికీ ఫ్లారెన్స్ గదికీ మధ్య ఉన్నది పలచటి ప్లైవుడ్ గోడ. ప్రతి పేషెంటుకూ ఫ్లారెన్స్ చెప్పేది నాలుగేళ్ళుగా రోజూ వింటూనే ఉంది. “ఇప్పుడు మీ కడుపు చిన్నది. తిన్న కొంచెంలో సత్తువ ఉండాల. ఈ బిళ్ళలు మానితే నరాలు పోతాయి, కళ్ళు పోతాయి, నడక పోతుంది.” నాలుగేళ్ళుగా విన్నది. పక్క గది మాట, తనకెందుకని వదిలేసింది. నరాలు, కళ్ళు, నడక. అన్నీ ఒళ్ళోనే ఉన్నాయి ఇప్పుడు.

కారు మదనపల్లె ఊళ్ళోకి వచ్చింది. అప్పుడు ఆమె మెల్లగా అంది, “శివకుమారప్పా, లోపల పథ్యం మాట ఎత్తొద్దు. నేను సెప్తా.”

తానైతే సరిగ్గా విడమరిచి చెబుతానని అలా అంటున్నానని తనకు తాను చెప్పుకుంది. అబద్ధం. భయంతో అంది.

ఎమర్జెన్సీలో హరినాథ్ వచ్చాడు, ఫ్లారెన్స్ వచ్చింది. ఆయన వాణి పొట్ట నొక్కి చూశాడు, కాగితాలు తిరగేశాడు. మొహంలో కంగారు తెలుస్తోంది.

“లీక్ అయిందేమో. స్కాన్‌కు పంపండి. బాగా డీహైడ్రేట్ అయింది, ముందు గ్లూకోజ్ పెట్టండి.”

ఫ్లారెన్స్ శివకుమార్ వైపు తిరిగింది. “బిళ్ళలు ఏసుకుంటాండాదా?”

అతను ఒక్క క్షణం మునిరత్నమ్మ వైపు చూశాడు. “ఏసుకుంటాండాది సిస్టర్.”

“గుడ్డు, పప్పు, పొడి?”

“అన్నీ తింటాండాది.”

మునిరత్నమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నర్సు గ్లూకోజ్ సీసా తెచ్చి స్టాండుకు తగిలించింది. వాణి చేతికి నరం దొరకడం లేదు, చరుస్తోంది, వెతుకుతోంది. చెబితే ఏమవుతుందో మునిరత్నమ్మకు తెలుసు. గది పోతుంది. నాటువాళ్ళను ఆసుపత్రిలోకి రానిస్తే ఇంతే అని ఊరూవాడా అంటారు. మీ నాయన చేసిందీ ఇదేనా అంటారు. ఆ నవ్విన నలుగురూ మళ్ళీ నవ్వుతారు. ఈ హరినాథ్ ఆ రోజు ఆ మాట అనకపోతే నేను ఇలా చేసేదాన్నా? వీడిది కాదూ తప్పు? కోపం మళ్ళీ లేచింది, ముద్దగా, వెచ్చగా. ఇన్నాళ్ళూ దాని చాటునే నిలబడిందామె. అక్కడ చలి లేదు, సిగ్గు లేదు.

వాణికి వాంతి తన్నుకొచ్చింది. పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ లేవు. శివకుమార్ తన చొక్కా అంచుతో ఆమె మూతి తుడిచి, మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి కొలిచి, సరిగ్గా చూపించిన చోట నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కుతూ మునిరత్నమ్మ వైపు చూశాడు, సరిగ్గా నొక్కుతున్నానా అని.

“బిళ్ళలు ఏసుకోలేదు,” అంది మునిరత్నమ్మ.

ఎవరూ వినలేదు.

“సార్! ఆమె ఒక్క బిళ్ళ గూడా ఏసుకోలేదు. ముప్పై ఎనిమిది దినాలు గంజి మీద ఉండాది. గుడ్డు లేదు, పప్పు లేదు, పెరుగు లేదు. నేను వద్దన్నా. ఆయప్పది ఏం తప్పు లేదు. నేనే పథ్యం పెట్టినా.”

హరినాథ్ తల ఎత్తాడు. రెండు క్షణాలు ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక వాణి కళ్ళలోకి టార్చి వేసి చూశాడు, కొట్టుకుంటున్న ఆ నల్లగుడ్లను. “ఆ గ్లూకోజ్ ఆపండి!” అని అరిచాడు. ఫ్లారెన్స్ చేయి అప్పటికే ట్యూబు మీద ఉంది. “థయామిన్ తీసుకురండి. అది పోయాకే గ్లూకోజ్. పరిగెత్తండి!” నర్సు పరిగెత్తింది.

అప్పుడు తిరిగాడు ఆమె మీదికి. “నీకేమైనా బుద్ధుందా? నోట్లోకి పోయేదాని గురించి మాట్లాడొద్దని సంతకం పెట్టించుకున్నామా లేదా? మనిషిని చంపేదానివి కదా!”

“తిట్టండి సార్,” అంది మునిరత్నమ్మ. “ముందు ఆ సూది ఎయ్యండి, ఆ తర్వాత తిట్టండి.”

థయామిన్ ఎక్కింది. స్కాన్‌లో లీకు లేదు, కుట్లు గట్టిగానే ఉన్నాయి. హరినాథ్ పనిలో ఒక్క లోపమూ లేదు.

ఫ్లారెన్స్ బయటికి వచ్చి వరండాలో ఆమె పక్కన నిలబడింది, ఆమె మొహం వైపు చూడకుండా. “ఆ థయామిన్ అంటే బీ-వన్ విటమిన్. అది ఒంట్లో అయిపోతే ఇట్లయితాదక్కా. ఆ టైములో గ్లూకోజ్ ఒక్కటే ఎక్కించుంటే, మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినేది. ఇంకో అయిదు నిమిషాలు నువ్వు నోరు మూసుకునుంటే ఆ పాపం నా సేతులతోనే సేసుండేదాన్ని.” “నేను ఫోన్ సేస్తే అంతా బాగుండాదన్నాడు ఆయప్ప. నమ్మేసినా. చెకప్పుకు రాకపోతే ఎందుకు రాలేదని ఈ ఆసుపత్రిలో ఒక్కరూ అడగలేదు. నా మీద గూడా నాకు మండతాండాది, నీ మీద అంతకంటే మండతాండాది. పో అక్కా, ఈడ నిలబడొద్దు.”

శివకుమార్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“ఏడిసిందమ్మా,” అన్నాడు, ఆమెతో కాదు, నేలతో. “బిళ్ళలిమ్మని ఏడిసింది. తాళం నా జేబులోనే ఉండె.”

ఆమె అతని భుజం మీద చెయ్యి వేయబోయింది. అతను పక్కకు జరిగాడు.

సాయంత్రం హరినాథ్ ఆమె గది తాళం అడిగాడు. తిట్టలేదు, గట్టిగా మాట్లాడలేదు. ఆమె కూడా ఆ టైంపాస్ మాట ఎత్తలేదు. ఎత్తాలని గొంతుదాకా వచ్చింది, నిజమే. ఎత్తితే దాని చాటుకు పోవచ్చు. తాళం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

నాలుగో రోజుకు వాణి కళ్ళు నిలకడకు వచ్చాయని, ఒక్కోటి ఒక్కటిగానే కనబడుతోందని వార్డు ఆయా ఫోన్‌లో చెప్పింది. వాంతులు ఆగాయి. మతిమరుపు తగ్గింది. కాళ్ళే రాలేదు. పాదాల్లో స్పర్శ లేదు, వాకర్ పట్టుకుంటే నాలుగడుగులు. నెలలు పట్టవచ్చు, పూర్తిగా రాకపోనూవచ్చు అని హరినాథ్ చెప్పాడట.

తొమ్మిదో రోజు సాయంత్రం, చుట్టాలను లోపలికి వదిలే వేళకు, మునిరత్నమ్మ అందరితోపాటు వరసలో నిలబడి వార్డులోకి వచ్చింది. నాలుగేళ్ళు దర్జాగా తిరిగిన వార్డు. ఆయాలు పలకరించాలా వద్దా అన్నట్టు చూశారు. వాణి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, స్పూనుతో మెత్తటి గుడ్డు తింటోంది. చూసింది. స్పూను ఆపలేదు.

“వాణీ,” అంది మునిరత్నమ్మ. మొహం చెల్లక మంచం కోడు పట్టుకుని నిలబడింది. “తప్పయిపోయింది తల్లీ. నన్ను...”

“నోరు ముయ్యి.”

పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. వాణి స్పూను గిన్నెలో పెట్టింది.

“డాక్టరు నన్ను అడగలేదు, సెప్పినాడు. పన్లే, డాక్టర్లంతే. నా మొగుడు అడగలేదు, తాళం ఏసినాడు. వాడికి నువ్వంటే దేవత. నువ్వు అడగతావనుకున్నా. నువ్వొక్కదానివి నన్ను మనిషిని ముట్టుకున్నట్టు ముట్టుకున్నావు గదా! నా ఒళ్ళు సస్తాండాది, తిండి అడగతాండాది అని ఫోన్ సేసి సెప్తే ఏమన్నావు? ఇన్నాళ్ళూ ఓర్సుకోకనే గదా అన్నావు. బస్సులో పక్క సీటోళ్ళు అంటే పడినా. నువ్వు అన్నాక ఇంగ నేను అడగలేదు. ఇంట్లో పప్పు గిన్నె ఎదురుగా ఉండినా, ఆకలితో సచ్చినా ముట్టలేదు. ఎందుకో తెలుసునా? లావుదానికి తిండి యావే అని నువ్వు అనుకుంటావని!”

మునిరత్నమ్మకు ఏడుపు వచ్చింది. వాణి అది చూసి ఇంకా మండిపడింది.

“ఏడవొద్దు నా ముందర. నువ్వేడిస్తే నేను ఓదార్సాల. నాకు అంత ఓపిక లేదు.”

మునిరత్నమ్మ కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. వెనక నుంచి ఎవరో చీర కుచ్చిళ్ళు లాగారు. పక్క మంచం దగ్గర కింద కూర్చున్న ముసలామె. పెద్దమండ్యం మనిషి. మంచం మీద ఆమె కూతురు అంబిక, నిండుగా, భయంగా. రేపు పొద్దున ఆమెకు ఇదే ఆపరేషన్.

“నువ్వేనా అమ్మా నూనె రాసే మునిరత్నమ్మ?” అంది ముసలామె, ఇప్పటిదాకా జరిగింది ఏదో అయినవాళ్ళ తగాదా లాంటిదని సర్దుకుంటూ, గొంతు తగ్గించి. “మా పక్కింటామె సెప్పింది, నీ సెయ్యి మంచిదని. ఈ సిస్టరమ్మ పప్పు పెట్టు, గుడ్డు పెట్టు అంటాండాది. కోత కోసినాక పప్పు తింటే సీము పట్టదా? పథ్యం ఏముండాదో నువ్వు సెప్పు. నువ్వు ఏం సెప్తే అదే సేస్తా.”

మునిరత్నమ్మ వెనక్కి తిరిగి వాణి వైపు చూసింది.

“సూస్తావేంది?” అంది వాణి. “నాకేం సారీలు వద్దు. ఆమెకు సెప్పు. ఏం సేసినావో అంతా సెప్పు.”

మునిరత్నమ్మ స్టూలు లాక్కుని అంబిక మంచం పక్కన కూర్చుంది. ముసలామె చెవి దగ్గరికి చేర్చింది, రహస్యం వినబోతున్నట్టు. వార్డులో పన్నెండు మంచాలు. అన్నిటి దగ్గరా మనుషులు.

“పథ్యం లేదమ్మా,” అంది మునిరత్నమ్మ. ఆ మాట ముసలామె చెవి దాటలేదు. “పప్పు పెట్టు, గుడ్డు పెట్టు. సిస్టరు ఏం సెప్తే అది పెట్టు. బిళ్ళలు ఒక్క పూట మానిపియ్యొద్దు. ఆ మంచం మీదామె ఉండాది సూడు, ఆమెకు కాళ్ళు రావడం లేదు. అది నా వల్లనే. నేనే ఆమెకు...”

“గట్టిగా సెప్పు,” అంది వాణి వెనక నుంచి. “ఈడికి ఇనబళ్ళేదు.”